ఒకే ముహూర్తానికి పదిహేను పెళ్లిళ్లు

…కిటుకంతా అన్నీ ఒకేరోజు కావడంలోనే ఉంది. రోజుకో ఊళ్లో అబద్ధం చెబితే మర్నాటికి పట్టుబడిపోతుంది. ఒకే పొద్దున పదిహేను రాష్ట్రాల్లో చెబితే, దాని వెంట పరిగెత్తడానికి నిజానికి అన్ని కాళ్లు లేవు.

బస్సు స్టీరింగ్ మీద చేతులానించి శ్యాంప్రసాద్ మళ్లీ అక్కడికే వచ్చాడు. ఆలోచనకు కూడా అలుపు వస్తుందని ఈ మధ్యే తెలిసింది అతనికి. దుబాయ్‌లో అల్ కుసైస్ లేబర్ క్యాంపు గోడ మీద మధ్యాహ్నపు ఎండ కదలకుండా పడి ఉంది. జేబులోని కార్డు ప్రకారం అతను కంపెనీ బస్సు డ్రైవర్ మంగరాజు. ఢిల్లీలోని ఒక గూఢచారి డెస్క్ ప్రకారం ఫీల్డ్ ఏజెంట్. రంగేసిన మీసం ఎవరిదో అడిగితే చప్పున చెప్పలేడు.

ఆ డెస్క్‌కి పెద్ద వీరరాఘవరావు. కిందటి నెల ఆయన ఇచ్చిన బ్రీఫింగ్ ఐదారు మాటల్లో అయిపోయింది.

"టార్గెట్ అమెరికా."

"మనకెందుకు సార్?"

"వాడుతున్నది మనవాళ్లని."

మిగతాది ఫైల్లో చదువుకున్నాడు. అక్కడ ఒక పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకుంటోంది. ఒక్కో రాష్ట్రం ఒక్కో తేదీన ఓటేస్తుంది, కానీ మార్చిలో ఒక మంగళవారం పదిహేను రాష్ట్రాలు ఒక్కసారే వేస్తాయి. అభ్యర్థిని తేల్చే ప్రతినిధుల్లో మూడోవంతు ఆ ఒక్కరోజే పంచేస్తారు. ముందంజలో ఉన్న ఒక సెనేటర్ గొంతును ఓ విదేశీ ముఠా కంప్యూటర్‌తో తయారుచేసింది. అక్కడ తెల్లారేసరికి లక్షల ఫోన్లలో ఆ గొంతు వినబడాలి: నేను పోటీనుంచి తప్పుకున్నాను, ఓటు వృథా చేసుకోకండి.

అంతకుముందు ఒక చిన్న రాష్ట్రం ఒంటరిగా ఓటేసిన రోజున ముఠా ట్రయల్ వేసింది. సెనేటర్ మధ్యాహ్నానికల్లా టిఫిన్ హోటళ్లన్నీ తిరిగి, ఇదిగో ఉన్నానని చెయ్యూపి, సాయంత్రానికి గెలిచాడు. పదిహేను రాష్ట్రాల హోటళ్లు ఒక్కరోజులో ఎవడు తిరగ్గలడు?

ఆ మంగళవారం ఇదే.

"ఏంది మంగరాజన్నా, కండ్లు తెర్సుకోని నిద్రవోతున్నవా?" పోశయ్య బస్సెక్కాడు. జగిత్యాల వైపు మనిషి, అల్ వర్సాన్ గోదాములో లోడింగ్ పని. వెనకే దేవేందర్, మిగతా ఏడుగురూ ఎక్కారు.

"ఇయ్యాల్టితోని కాంట్రాక్ట్ ఖలాస్ అంటున్నరు నిజమేనా?" అన్నాడు దేవేందర్.

"నాకేం తెలుసు తమ్ముడూ."

"నీకేం తెల్వదు. గేర్ ఎక్కడుందో తెలుస్తదా కొంచెం?"

బస్సంతా నవ్వింది. శ్యాంప్రసాద్ కూడా నవ్వాడు. నవ్వడం డ్యూటీలో భాగమో కాదో చూసుకోవడం ఎప్పుడో మానేశాడు.

చివరగా విజయదుర్గ ఎక్కింది. ఆమెకంటే ముందు ఊద్ అత్తరు ఎక్కింది. చేతుల అంచున రాళ్లు మెరిసే అబాయా, నల్లకళ్లద్దాలు. అమలాపురం పక్క పల్లె నుంచి షార్జాలో వంటపనికి వచ్చి, నాలుగు భాషలు నేర్చి, ముఠా నడిపే కంపెనీకి సూపర్‌వైజర్ అయింది. ఆ కంపెనీ ముదీర్, అంటే మేనేజర్, దగ్గర ఒక జీతం తీసుకుంటోంది, శ్యాంప్రసాద్ డెస్క్ దగ్గర ఇంకొకటి.

"ఫోన్లండీ," అని గుడ్డసంచీ తెరిచింది.

డ్యూటీలో ఫోన్ ఉండకూడదని రూలు. ఒక్కొక్కరే వేశారు. ఆ రూలు ఎందుకో వాళ్లకు తెలియదు. అమెరికాకి ఫోన్లు చేసే ముఠా లైన్లన్నీ ఈ తొమ్మిదిమంది ఎమిరేట్స్ ఐడీల మీద తీసుకున్నవి. కొత్త కంపెనీ అడిగితే ఐడీ ఎందుకని ఏ కార్మికుడూ అడగడు. లైను తెరుచుకోవాలంటే ఎవరి ఐడీయో వాళ్ల ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. సంచీ గోదాముకి చేరితే ముదీర్ ఆ అంకెలు కొడతాడు, అమెరికాలో ఫోన్లు మోగుతాయి. సాయంత్రం విమానానికి ముదీర్ వెళ్లిపోతాడు. పోలీసులు వచ్చేసరికి యంత్రాలూ, పేర్లూ, ఈ తొమ్మిదిమందే మిగులుతారు.

బస్సు కదిలింది. చెవిలోని ఇయర్‌ఫోన్ గురగురలాడింది.

"బావగారూ, పెళ్లివారు బయల్దేరారా?" వీరరాఘవరావు గొంతు. పెళ్లి అంటే ఆపరేషన్. ఈ కోడ్ భాషకు ఆయనే కర్త, దాని మీద ఆయనకు మమకారం.

"బయల్దేరారు బావగారూ. ఒకే ముహూర్తానికి పదిహేను పెళ్లిళ్లు. సంచీ బస్సులోనే ఉంది. ఇక్కడే ఆపేస్తాను."

"వద్దు. మొదటి విడత కానివ్వు. గోదాములో మన కెమెరాలున్నాయి. సాక్ష్యం గట్టిగా దొరకాలి. రెండో విడతకి సిద్ధమవుతుండగా పట్టుకుందాం."

"రెండో విడత ఉండదు సార్."

"సార్ అనకు. ఉండకపోవడమేంటి? ఇంకా సగానికి పైగా రాష్ట్రాలు మిగిలున్నాయిగా?"

శ్యాంప్రసాద్‌కి అప్పుడు అర్థమైంది. పెద్దాయన మన లెక్క వేస్తున్నాడు. మన దగ్గర ఏడు విడతల్లో ఓట్లు పడినా, మిషన్లకు సీలువేసి దాచి, అన్నీ కలిపి ఒకేరోజు లెక్కిస్తారు. మొదటి విడతలో ఎవడు గెలిచాడో ఏడో విడత ఓటరుకి తెలియదు. అందుకే ఒక విడత పోయినా ఇంకోటి ఉందనుకుంటాం.

"అక్కడ ఈ రాత్రే లెక్కించేస్తారు సార్," గొంతు తగ్గించి కోడ్ వదిలేశాడు. "ఓట్లను బట్టి ప్రతినిధుల్ని పంచుతారు. ఇవాళ వెనకబడినవాడు తర్వాత కొద్దికొద్దిగా గెలిచినా అందుకోలేడు. రేపు విరాళాలు ఆగిపోతాయి. నాయకులంతా గెలిచినవాడి పక్కన ఫొటో దిగుతారు. మిగతా రాష్ట్రాలు ఓటేసేది తేలిపోయిన పోటీకి. ముదీర్‌కి ఆ సంగతి తెలుసు కాబట్టే సాయంత్రానికి టికెట్ తీసుకున్నాడు."

"అది నీ అంచనా. డెస్క్ అంచనా వేరు. ప్రొసీడ్."

"ఈ తొమ్మిదిమంది?"

"వాళ్ల సంగతి తర్వాత చూద్దాం."

తర్వాత చూద్దాం. శ్యాంప్రసాద్ ఆ మాటను లోపల తిప్పిచూశాడు. తనూ బతికింది అలాగే. ప్రతి ఊళ్లో ఒక పేరు, ప్రతి పేరు కిందా చేయాల్సి ఉండీ చేయని పని ఒకటి, అన్నిటికీ సీలువేసి దాచడం, ఎప్పుడో ఒకరోజు కూర్చుని అన్నీ కలిపి లెక్కిద్దామనుకోవడం. ఆ లెక్కింపు రోజు ఒకటి వస్తుందని తనకెవరు చెప్పారో గుర్తులేదు. ఎవరూ చెప్పలేదేమో. పోశయ్యకి మాత్రం లెక్కింపు ఈ సాయంత్రమే.

అల్ వర్సాన్ రౌండబౌట్ దగ్గర ట్రాఫిక్ ఆగింది. ఎదురుగా గోదాముల వరస. గేటు ముందు తెల్లచొక్కా ముదీర్ యల్లా యల్లా అని చెయ్యి ఊపుతున్నాడు. విజయదుర్గ ఒళ్లోని సంచీలో ఒక ఫోన్ వణికింది. తర్వాత ఇంకొకటి.

"వస్తున్నాయండి ఓటీపీలు," అందామె మెల్లగా, డ్రైవర్ వెనక సీటులోంచి. "మీకో మాట చెప్పాలండి. మీరెవరో ముదీర్‌కి నిన్ననే చెప్పేశాను."

అతను అద్దంలోంచి చూశాడు. "మరి నన్నెందుకు మార్చలేదు?"

"సాక్ష్యం గట్టిగా దొరికేదాకా మీ పెద్దాయన ఎవర్నీ పట్టుకోనివ్వరని మీరే అన్నారు కదండీ మొన్న. అది కూడా చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడండి. ఇంతకన్నా నమ్మకమైన డ్రైవర్ దొరకడు, వాణ్నే ఉండనీ అన్నాడు."

అతనికి కోపం రావలసిన చోట నీరసం వచ్చింది.

"నువ్వు ఎవరి వైపు విజయదుర్గా?"

"ఆయ్, తెలిస్తే ఇన్నాళ్లూ రెండు పక్కలా ఎందుకుంటానండీ?" కళ్లద్దాలు తీసింది. కింద కళ్లు నిద్ర లేక వాచి ఉన్నాయి. "మీరు తిప్పితే నేనేం అరవను. తిప్పకపోతే సంచీ తీసుకెళ్లి ఇచ్చేస్తాను. నా అంతట నేను తేల్చుకోలేనండీ."

వెనకనుంచి హారన్లు.

"అన్నా, బండి తియ్యవయ్యా! ముదీర్ లొల్లి వెడ్తడు," పోశయ్య కేకేశాడు.

"పోశన్నా, మీ పేర్ల మీద దొంగ లైన్లు తీసుకున్నారు. లోపలికెళ్తే రేపు జైలు."

పోశయ్య సీటులోంచి లేచాడు. సంచీలో ఫోన్లు ఒకదాని మీదొకటి వణుకుతున్నాయి.

"మల్ల ఈడెందుకు ఆపినవే?" అన్నాడు పోశయ్య. గొంతులో వెటకారం పోయింది. "నీకు తెలిసీ ఈడిదాంక తెచ్చినవా?"

శ్యాంప్రసాద్ గేరు మీద చెయ్యి వేశాడు.

"ప్రొసీడ్, బావగారూ," చెవిలో గొంతు. "వినిపిస్తోందా?"

తిన్నగా వెళ్తే గోదాము. ఎడమకి నగరం, బర్ దుబాయ్‌లో మన కాన్సులేట్. గేటు దగ్గర ముదీర్ నవ్వు ముఖంతో రెండు చేతులూ ఊపుతున్నాడు.

శ్యాంప్రసాద్ ఎడమ ఇండికేటర్ వేశాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో, ఎటు తిరగబోతున్నాడో అందరికీ ముందే చెప్పి తిరగడం అతనికి ఇదే మొదటిసారి.