కౌంటర్ లోపలి కుర్చీ

ఆ రోజు కూడా సుభానీ ముఖం కడుక్కోకముందే ఎవరో షట్టర్ తట్టారు. గురజాలలో ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. టీ గ్లాసు చేతిలో ఉండగానే మొదలైన పని పొద్దుగూకినా తెమిలేది కాదు. ఒక్క పూటైనా కుదురుగా కూర్చుని తినవు గదా అని రజియా సణుగుతూనే ఉంటుంది, ఆయన గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి పోతూనే ఉంటాడు.

ఆ ముందు గదే నెట్ సెంటర్. వెనక రెండు గదుల్లో సంసారం. మధ్యలో ఒక పూల కర్టెన్. గదికి అడ్డంగా కౌంటర్, దాని లోపల ఒకే ఒక కుర్చీ. కంప్యూటర్ తెర సుభానీ వైపు, దాని వీపు ఊరివైపు. ఇన్నేళ్ళలో ఆ తెర మీద ఏముందో బయట నిలబడినవాళ్ళు ఎవరూ చూడలేదు, చూపించమని అడగనూ లేదు. దరఖాస్తులు పెట్టడం సుభానీ పని, చేతులు కట్టుకుని నిలబడటం వాళ్ళ పని. పాపం, పిల్లలు తొంభై శాతం మార్కులు తెచ్చుకుని కూడా అక్కడికొచ్చేసరికి మూగవాళ్ళైపోయేవారు.

ఆయన పద్ధతి ఆయనకుంది. ఫోన్ నెంబరు అడిగితే కొందరి దగ్గర రీచార్జి అయిపోయి ఉంటుంది, కొందరి ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితోపాటు లారీ మీద వెళ్ళి ఉంటుంది. ఓటీపీ కోసం ఎవరు కాచుకుని కూర్చుంటారు? అందుకని దరఖాస్తు ఎవరిదైనా నెంబరు తనదే ఇచ్చేవాడు. ఆ మెసేజీల కోసమే ఒక పాత ఫోన్ సొరుగులో పెట్టాడు. ఆ నెంబరు మీద ఇక కుదరదని సైటు మొరాయిస్తే రజియా నెంబరు ఇచ్చేవాడు. ఈమెయిల్ కూడా తనే తెరిచేవాడు. పాస్‌వర్డ్ మాత్రం అందరికీ ఒకటే. కూతురు సైమా పేరు, పక్కన ఏడు ఎనిమిది ఆరు. ఆ పిల్ల పుట్టిన ఏడే జిరాక్స్ మిషన్ కొని షాపు పెట్టాడు కాబట్టి ఆ పేరు కలిసొచ్చిందని ఆయన నమ్మకం.

ఆ సైమా ఇప్పుడు కంప్యూటర్ డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉంది. ఉద్యోగాలు వెతుక్కుంటోంది, మధ్యమధ్య తండ్రికి సాయం చేస్తోంది. అంతా బాగానే ఉందనుకుంటున్న సమయంలో, జిరాక్స్ కోసం వచ్చిన హైస్కూలు అటెండర్ ఒక మాట వదిలిపెట్టి పోయాడు. ఆదివారం నుంచి మీ అమ్మాయి మా బళ్ళో క్లాసులు చెబుతుందట, పిల్లలు ఎవరి దరఖాస్తు వాళ్ళే పెట్టుకుంటారట, ఇక నీకు బోలెడంత తీరిక అని నవ్వాడు. సుభానీ కూడా నవ్వాడు కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాక కదిపాడు.

"బళ్ళో క్లాసులు చెప్తన్నావంట."

సైమా చేతిలో ముద్ద ఆగింది. "నేనే చెబుదామనుకున్నా నాన్నా."

"ఊరందరికీ తెలిసినాకనా?"

సైమా నిదానంగానే చెప్పింది. ఆ బళ్ళో టీచరు వాసంతి మేడం ఇంటికి పిలిచి మరీ అడిగిందట. సొంతంగా ఒక మెయిల్ పంపడం, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా గుర్తుంచుకోవడం, ఏది అసలు సైటో ఏది దొంగ మెసేజో పోల్చుకోవడం, నొక్కే ముందు ఏం రాసుందో చదవడం, ఇవే నేర్పుతుందట. పోయినేడు బళ్ళో ఒక పిల్ల స్కాలర్‌షిప్ వచ్చిందన్న ఫోన్ నమ్మి ఓటీపీ చెప్పేసింది, వాళ్ళమ్మ పొదుపు సంఘం డబ్బంతా పోయింది. రేపు ఏ కాలేజీకి పోయినా, ఏ ఉద్యోగానికి పోయినా ఇవి రాకపోతే అడుగు ముందుకు పడదని సైమా వాదన.

సుభానీ అంతా విన్నాడు. "వాళ్ళకన్నీ వస్తే నా దగ్గరికెవురొస్తారు?" అన్నాడు. మనసులో ఉన్నది అదే, దాచలేదు. "ఇప్పటికే సగంమంది సచివాలయానికి పోతన్నారు. ఆ మిగిలిన నలుగుర్నీ నువ్వు తీసకపో. ఈ కీబోర్డు కొట్టే గదా నిన్ను చదివించింది. దాని మీదే మట్టి పోస్తావా?"

"వాళ్ళకి రాకపోతేనే మనకి కూడు అంటే, అదేం బతుకు నాన్నా?"

రజియా కూతురి చెయ్యి పట్టుకుని ఊరుకోమంది. ఊరుకునే స్థితిలో లేదు సైమా. "ఈ ఊళ్ళో పిల్లలందరి పాస్‌వర్డూ నా పేరే. నాతో చదివినోళ్ళు నా మొహాన్నే నవ్వుతున్నారు. వాళ్ళ మెయిల్ వాళ్ళు తెరుచుకోలేరు, నువ్వు తెరవాల. నాకు సిగ్గుగా ఉంది."

సుభానీ కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ పూట ఇంట్లో ఇంకెవరూ తినలేదు. సాయంత్రం సైమా మేడంకి రాలేనని మెసేజ్ పెట్టేసింది. ఆ సంగతి తల్లికి చెప్పింది గానీ తండ్రికి చెప్పలేదు.

అప్పట్నుంచీ తండ్రీ కూతుళ్ళ మధ్య మాటల్లేవు. మధ్యలో రజియా నలిగిపోయింది. నీళ్ళు కావాలా అని ఇటు అడిగి, అన్నం పెట్టమన్నాడని అటు చెప్పి, ఆమె ప్రాణం విసిగిపోయింది. సరిగ్గా అదే వారంలో సొరుగులోని పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బి ఆగిపోయింది. బాగు చేయించాలంటే ఆ ఎండలో బస్టాండ్ దాకా పోవాలి. మరి షాపు ఎవరు చూస్తారు? ఇదివరకైతే కాసేపు కూర్చో అమ్మా అని సైమాని పిలిచేవాడు. ఇప్పుడు పిలవడానికి ముఖం చెల్లలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ ఆ ఫోన్ సొరుగులోనే ఉండిపోయింది.

ఒకనాటి పొద్దున రాహేలు వచ్చింది. నడికుడిలో మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతుంది. వెంట కూతురు భవ్య. ఆ పిల్లకి నర్సింగ్ చదవాలని కోరిక. ఇంటర్‌లో మార్కులూ బాగా వచ్చాయి. దరఖాస్తు పెట్టింది సుభానీయే. మొదటి విడత సీట్లు ఇచ్చారని, తనకన్నా తక్కువ మార్కులొచ్చిన స్నేహితురాలికి వచ్చిందని, తనకెందుకు రాలేదో చూడమని భవ్య నెమ్మదిగా అడిగింది.

సుభానీ అలవాటుగా సైమా పేరు కొట్టి సైటు తెరిచాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఆదాయ సర్టిఫికెట్ మసగ్గా ఉంది, ఫలానా తేదీలోపు మళ్ళీ పంపమని మీ ఫోన్‌కి మెసేజ్ ఇచ్చాం, పంపనందున దరఖాస్తు పరిశీలించలేదు. ఆయన ఆ వాక్యం రెండోసారి చదివాడు. చెయ్యి తనంతట తనే సొరుగు మీదికి పోయింది.

"మేవేదన్నా తప్పు జేశామా అన్నా?" అంది రాహేలు. "ఆ కాయితం నా సంచిలో నలిగింది. అందుకే రాలేదా ఏంది?"

"మీదేం లేదు రాహేలమ్మా. సర్వరు. పైనే ఏదో అయింది."

ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పిన మాటో. ఈసారి కూడా అంతే తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది. భవ్య మెడ చాచి తెర వైపు చూడబోయింది. మళ్ళీ అది తను చూడకూడనిదేమో అన్నట్టు వెనక్కి తగ్గింది. పైనోళ్ళ దగ్గర అయితే మనమేం చేస్తాం అని రాహేలు నిట్టూర్చి, సోమవారం నుంచి నాతో పాటే పనికి వద్దువులే అని కూతురితో అంది. సంచిలోంచి గోంగూర కట్ట తీసి కౌంటర్ మీద పెట్టింది. "రజియక్కకియ్యి. మా కోసం చానా కష్టపడ్డావన్నా" అని చెప్పి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది.

కర్టెన్ కింద సైమా పాదాలు కనిపిస్తూనే ఉన్నాయి. అవి కదల్లేదు. అన్నీ విన్నదని ఆయనకు అర్థమైంది. ఇక తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. సైమా వచ్చి తెర మీద ఉన్నదంతా చదివి, గోంగూర కట్ట తీసి పక్కన పెట్టింది.

"రెండో విడత ఉంది నాన్నా. ఇంకా గడువుంది. పాపం వాళ్ళకి ఆ సంగతి తెలీదు."

సుభానీ రెండు చేతుల్లో ముఖం దాచుకుని భోరుమన్నాడు. పెళ్ళైనప్పట్నుంచీ రజియా ఆయన కంట నీళ్ళు చూడలేదు. పరుగెత్తుకొచ్చి ఏవైందయ్యా అంటూ భుజం పట్టుకుంది.

"అలిసిపోయా రజియా" అన్నాడు. "ఆ పిల్ల బతుకు సొరుగులో పడేసి మూత పెట్టా. పైగా వాళ్ళతోనే దండం పెట్టించుకున్నా."

చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా స్కూటర్ తీశాడు. బస్టాండ్‌లో నడికుడి బస్సు కోసం తల్లీ కూతుళ్ళు నీడన నిలబడి ఉన్నారు. రాహేలు ఏమైనా మర్చిపోయామా అన్నా అని ఎదురొచ్చింది. తప్పు తనదేనని, మెసేజ్ వచ్చింది తన ఫోన్‌కేనని, ఫోన్ చెడిపోతే పట్టించుకోలేదని, సర్వరు అన్నది అబద్ధమని అక్కడే, అందరూ వింటుండగానే చెప్పాడు.

"ఆ మాట అక్కడే చెప్పొచ్చు గదన్నా" అని రాహేలు ముఖం తిప్పుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

భవ్య ఏడవలేదు. సూటిగా ఆయన కళ్ళలోకి చూసింది. "ఆ మెసేజ్ నాకొచ్చుంటే నేను చదువుకునేదాన్ని గదా బాబాయ్. నాకు చదవడం వచ్చు."

ఇంకో విడత ఉందని, ఒక్కసారి షాపుకి రమ్మని మాత్రం అన్నాడు సుభానీ. రాహేలుకి మళ్ళీ ఆ గడప తొక్కడం ఇష్టం లేదు. నేను పోతానమ్మా అని భవ్యే ముందు కదిలింది.

షాపుకి వచ్చాక సుభానీ కౌంటర్ పలక పైకెత్తి పట్టుకున్నాడు. "లోపలికి రా. కుర్చీలో కూచో."

భవ్య తల్లి వైపు చూసింది. రాహేలు ఊ అన్నట్టు తలాడించింది. ఆ పిల్ల బెరుగ్గా అంచు మీద కూర్చుంది. సైమా పక్కన నిలబడింది గానీ మౌస్ ముట్టుకోలేదు. ముందు చదువు, అర్థమయ్యాక నొక్కు, తొందరేం లేదు అంది. రాహేలు సంచిలోంచి తీసిన సర్టిఫికెట్‌ని, తన ఫోన్ ఇచ్చి, వాకిట్లో ఎండ పడనిచోట, నాలుగు మూలలూ కనిపించేలా భవ్య చేతే ఫోటో తీయించింది. మొదటిది వంకరగా వచ్చింది. రెండోదాంట్లో రాహేలు వేలు పడింది. దానికి అందరికన్నా ముందు రాహేలే నవ్వేసింది. మూడోది శుభ్రంగా వచ్చింది. ఫోన్ నెంబరు దగ్గర సుభానీది తీసేసి భవ్య తన తల్లి నెంబరు కొట్టింది.

రజియా కర్టెన్ పట్టుకుని అంతా చూస్తోంది. అందరూ ఇట్టా నేర్చుకుపోతే మరి మనమెట్టాగయ్యా అని భర్త చెవిలో మెల్లగా అడిగింది. తెలీదు అన్నాడు సుభానీ. నిజంగానే ఆయనకు తెలీదు. జిరాక్స్ మిషన్ ఉంది, ఒంట్లో ఓపిక ఇంకాస్త మిగిలుంది, చూద్దాం అన్నాడు.

"ఇక్కడ కొత్త పాస్‌వర్డ్ అడుగుతాంది బాబాయ్" అంది భవ్య. "ఏం కొట్టమంటావు?"

"నాకు చెప్పమాక" అన్నాడు సుభానీ. "ఎవురికీ చెప్పమాక. నువ్వే అనుకుని కొట్టుకో."

అని వెనక్కి తిరిగి, గోడకు వేలాడుతున్న క్యాలెండర్ వైపు నిలబడ్డాడు. ఊళ్ళో పిల్లలందరి తాళాలూ తన దగ్గరే పెట్టుకున్న మనిషి మొదటిసారి తల తిప్పుకున్నాడు. సైమా కూడా వచ్చి తండ్రి పక్కనే గోడ వైపు తిరిగి నిలబడింది. వెనక ఒక్కో అక్షరం వెతుక్కుంటూ భవ్య కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మధ్యలో ఆగుతోంది, ఆలోచించుకుంటోంది, మళ్ళీ కొడుతోంది.

"మేడంకి రానని చెప్పేశావంటగా. మీ అమ్మ చెప్పింది" అన్నాడు సుభానీ గోడ మీంచి చూపు తిప్పకుండా.

సైమా తలూపింది.

"వస్తానని చెప్పు. ఆదివారం స్కూటర్ మీద నేను దింపుతా."

సైమా తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆమె కన్నీళ్ళు ఆయన మణికట్టు మీద పడ్డాయి. వెనక చప్పుడు ఆగింది.

"అయిపోయింది బాబాయ్, ఇక చూడొచ్చు" అంది భవ్య.

సుభానీ వెంటనే తిరగలేకపోయాడు. తన తడి కళ్ళతో ఆ పిల్లకి ఎదురుపడటానికి ఇంకొంచెం సమయం కావలసి వచ్చింది.