గట్టున పెట్టిన ఒట్టు

నిండా పోసిన కాఫీ కప్పును ఒక్క చుక్క ఒలకకుండా వంటింట్లోంచి వరండా దాకా తేవడం ఆ ఇంట్లో కూతురికి మాత్రమే వచ్చిన విద్య. చిన్నప్పటి నుంచీ అదే ఆమె గొప్ప. అలాంటిది ఆ ఉదయం సాసరులోకి కాఫీ ఒలికింది. తండ్రి సాసరు ఎత్తి ఒలికింది ముందు తాగేసి, తర్వాత కప్పు అందుకున్నాడు.

ఆమె ఒక విమాన సంస్థలో కో-పైలట్. ఆమె నడిపే విమానం ఆయన ఫోనులోని పటం మీద చిన్న చుక్కలా కదులుతుంటుంది. ఆ చుక్క నేల మీద ఆగేదాకా ఆయనకు ముద్ద దిగదు. ఈ వారం సెలవంటూ ఆమె ఇంట్లోనే ఉంది, చుక్క లేదు. గుండెల మీద కుంపటి చల్లారాలి కదా, చల్లారలేదు. నిన్న తలుపు సందులోంచి చూస్తే ఆమె కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుని, ఎదురుగా ఏమీ లేని చోట చేతులు కదిలిస్తోంది.

"నిన్న ఆ గదిలో ఏం చేస్తున్నావమ్మడూ?"

"కుర్చీని ఎగరేస్తున్నాను నాన్నా," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పరీక్ష తప్పాను."

ఆ పైన నెమ్మదిగా చెప్పింది. నేల మీదే ఉండి విమానంలా ఊగే సిమ్యులేటర్ గదిలో పరీక్ష. పరీక్షించే ఆయన, వేగం చూపించే అంకెల్ని చెడగొట్టి, ఆటోపైలట్ ఆపేశాడట. విమానం ముక్కు ఎంత ఎత్తాలో, ఇంజన్లకు ఎంత శక్తి ఇవ్వాలో పుస్తకంలో చదివింది తలలో ఉంది గానీ చేతుల్లోకి దిగలేదు. ఎత్తితే మరీ లేచింది, దించితే మరీ కుంగింది. దాని వెంట పడుతుండగానే తెర నిండా నేల వచ్చేసింది. సోమవారం మళ్లీ పరీక్ష.

"ఇన్నేళ్లు నడిపినదానివి, చేతులెలా మరిచిపోతాయి?"

"నడిపేది యంత్రం నాన్నా. లేచిన కాసేపటికే దానికి అప్పగించి, దిగేటప్పుడు చివర్లో తీసుకుంటాం. ఆకాశం తేటగా ఉన్న రోజు కెప్టెన్లు, కాసేపు చేత్తో నడుపు, చెయ్యి తిరుగుతుంది అంటారు. నేనే వద్దంటాను."

"ఎందుకని?"

"నువ్వు ఒట్టు వేయించుకున్నావు కదా."

ఆయనకు గుర్తొచ్చింది. భార్య పోయిన కొత్తలో, కూతురు డ్యూటీకి బయల్దేరుతుంటే గుమ్మంలోనే చెయ్యి పట్టుకున్నాడు. యంత్రం తప్పు చేయదన్నావు కదా, అవసరం లేకుండా దాన్ని ఆపకు, నా మీద ఒట్టు అన్నాడు. ఆనాటి నుంచీ ఆ ఒట్టే ఆయనకు నిద్రమాత్ర.

భయం కోపమై పైకొచ్చింది. అయితే ఆ ఉద్యోగమే వద్దన్నాడు. ఆకాశం మనకు అచ్చిరాలేదు, నేల మీద నాలుగు మెతుకులు దొరక్కపోవన్నాడు. "నాకు నువ్వు మిగిలితే చాలమ్మా."

"నీ భయానికి నేను కాపలా కాశాను నాన్నా," అంది ఆమె, గొంతు పెంచకుండానే. "నా వెనక సీట్లలో కూర్చున్నవాళ్లకి ఎవరు కాస్తారు? వాళ్ల ఇళ్లల్లోనూ ఆ చుక్కనే చూస్తూ కూర్చునేవాళ్లుంటారు."

ఆయన కళ్ల ముందు ఎన్నో ఇళ్లు కదిలాయి. ప్రతి ఇంట్లోనూ ఒక ఫోను, చల్లారిపోతున్న ఒక పళ్లెం. అంతమంది ప్రాణాల మీద తన ఒక్కడి నిద్ర కోసం ఒట్టు పెట్టాడు. కాపాడుకుంటున్నాననుకుని కూతురి చేతులు తనే కట్టేశాడు.

ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చిన్నప్పుడు ఆమె ఆటల్లో అనే మాటే నోటికొచ్చింది.

"ఒట్టు తీసి గట్టున పెట్టానమ్మడూ."

ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "గట్టు మీంచి మళ్లీ తెచ్చుకోకూడదు మరి."

సోమవారం ఆమె గట్టెక్కింది. కొన్నాళ్లకు ఒక తేట మధ్యాహ్నం ఆమె నుంచి కబురొచ్చింది. వాతావరణం బాగుంది, కెప్టెన్ సరేనన్నారు, ఈసారి పైనుంచీ చేత్తోనే దింపుతాను అని. ఆయన ఫోను బీరువాలో పెట్టి మేడెక్కాడు. ఆరేసిన దుప్పటి కొస పట్టుకుని నిలబడ్డాడు.

ఊరి చివర విమానాశ్రయం వైపు, ఇళ్ల కప్పుల మీదుగా ఆమె విమానం వచ్చింది. గాలి తగిలిందేమో, ఒక రెక్క కొంచెం వంగింది. రెక్క మెల్లగా సర్దుకుంది. విమానం చెట్ల వెనక్కి దిగిపోయాక గానీ ఆయన పిడికిట్లోని దుప్పటి వదల్లేదు.

సాయంత్రం ఆమె వచ్చేసరికి కాఫీ ఆయనే కలిపి తెచ్చాడు. నాలుగడుగులు వేసేసరికి సగం సాసరులో పడింది. ఆమె సాసరు ఎత్తి, ఒలికింది ముందు తాగేసింది.