చెవి తీసేసిన డబ్బా

సిరిసిల్లల మరమగ్గాల గల్లీల మూడో కార్ఖానా ముందట నుంచి పొద్దుగూకినంక ఎవ్వరూ నడవరు. సాంచెల మీద పన్నెండు గంటలు నిలవడి బట్ట నేసేటోళ్లకు దెయ్యానికి భయపడే తీరిక యాడిది? అయినా రెండు సందులు సుట్టు తిరిగి పోతరు గని, పొగకు నల్లబడ్డ ఆ షెటరు ముందుకు రారు. లోపల ఎవరో దగ్గుతరట... దగ్గి, ఆగి... మళ్ల దగ్గుతరట.

ఎదురుంగ చాయ్ హోటల్ నడిపే హనుమండ్లు ఈ ముచ్చట చెప్పవోతే నేను నవ్విన.

"దెయ్యాలు లేవు కాకా. దోపిడీ ఉన్నది" అన్న.

"ఉండనీ బిడ్డా. రెండూ ఒక్క ఇంట్లనే ఉంటయి" అన్నడు.

చాయ్ చల్లారింది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

ఆ కార్ఖానల కొమురవ్వ కండెలు చుట్టేది. పొద్దుగాల సాంచెలకు ఎక్కించే దారం కండెలు రాత్రే తయారు కావాలె. నూలు దొంగలపాలైతదని ఆసామి శ్యాంసుందర్ బయట నుంచి తాళం వేయించేది. నూలుకు కావలి ఉన్నది. మనిషికి లేదు!

ఒక రాత్రి లోపల మంట లేచింది. ఆమె మొత్తుకునే ఉంటది. కానీ చుట్టుపక్కల కార్ఖానలల్ల సాంచెలు కొడుతుంటే మనిషి గొంతు గోడ దాటదు.

అందుకే గదా షెటరు పక్క లోపలి గోడకు డబ్బా పెట్టింది — మనిషి అరుపు విని సైరన్ కొట్టే డబ్బా. దాంట్ల ఒక మైకు, ఒక సైరన్, నడుమ చిన్న కంప్యూటర్.

ఆ రాత్రి డబ్బా కొట్టలే. మంట డబ్బా దాకా రాలే గని, పొగకు దగ్గి దగ్గి కొమురవ్వ పాణం పోయింది.

ఎందుకు కొట్టలేదో ఇద్దరికే ఎరుక. ఒకడు శ్యాంసుందర్. రెండోవాడు ఆ డబ్బా చేసిన కరీంనగర్ ఇంజినీరు ఓంప్రకాశ్.

డబ్బాల మైకు బిగించంగనే పని అయిపోదు. కంప్యూటర్‌ను లోపల నుంచి నడిపే ప్రోగ్రాము, కెర్నల్ అంటరు, దానికి ఏ తీగ యాడికి పోతదో తనంతట తనకు తెల్వదు. ఒక ఫైలుల రాసియ్యాలె — మైకు తీగ వచ్చి చిప్పు ఇన్‌పుట్‌ల కలుస్తది, చిప్పు ఔట్‌పుట్ పోయి సైరన్‌ల కలుస్తది అని. కెర్నల్ ఆ ఫైలునే నమ్ముతది. రాసింది ఉన్నట్టు. రాయనిది లేనట్టు. కొమురవ్వ పేరు గూడ కూలోళ్ల హాజరు మస్టర్‌ల లేదు, రాజ్యానికి ఆమె లేనట్టు. కెర్నల్‌ను ఏమనాలె? అది మనుషుల దగ్గరనే నేర్చుకున్నది.

సాంచెల మోతకు అప్పుడప్పుడు సైరన్ ఉత్తగనే మోగేది. మోగినప్పుడల్లా పని ఆగేది. "పరేషాన్ చేస్తుందయ్యా ఇది. జర దాని చెవులు మూయి" అన్నడు శ్యాంసుందర్. ఓంప్రకాశ్ ఫైలుల మైకు వరుస ఒక్కటి తీసేసిండు. తీగ ఉన్నకాడనే ఉన్నది. పచ్చలైటు వెలుగుతనే ఉన్నది. చెవి లేదు.

తెల్లారితే ఆఫీసర్లు విచారణకు వస్తరనంగ, రాత్రి ఎనిమిదిన్నరకు ఓంప్రకాశ్ ల్యాప్‌టాప్ సంకల పెట్టుకొని ఒక్కడే వచ్చిండు. శ్యాంసుందర్ ఇచ్చిన చెవితోని తాళం తీసి, షెటరు సగం లేపి, వంగి లోపలికి పోయిండు. తీసేసిన వరుస గుట్టుగ మళ్ల రాసిపెడితే డబ్బా ముందు నుంచీ మంచిగనే ఉన్నట్టు. అప్పుడు కాయిదం మీద మిగిలేది ఒక్కటే మాట — కొమురవ్వ మొత్తుకోలే. తప్పు ఆమెదే.

లోపల మాడిన నూలు వాసన. సెల్‌ఫోన్ వెలుతురుల వైరు కలిపిండు. వరుస రాసిండు. డబ్బాను ఆపి, మళ్ల షురూ చేసిండు...

ధడేల్‌మని షెటరు కిందపడ్డది.

లేపవోయిండు. లేవలే. బయట తాళం పడ్డది.

అరుద్దామని నోరు తెరిచి — ఆగిండు. ఇప్పుడు డబ్బాకు చెవి వచ్చింది. అరిస్తే సైరన్ కొడుతది. సైరన్ కొడితే గల్లీ అంత వస్తది. ల్యాప్‌టాప్‌ల ఏం రాసినవని అడుగుతది. నోట్లె రుమాలు కుక్కుకొని కూసున్నడు. తెల్లారకముందే శ్యాంసుందర్ వస్తడు... తీస్తడు...

వెనుక, కాలిన మూలల, ఎవరో దగ్గిర్రు.

ఓంప్రకాశ్ ఊపిరి బిగబట్టిండు. మళ్ల దగ్గు — ఈసారి పక్కకే.

సైరన్ కొట్టింది.

సాంచెలు బందైనయి. గల్లీ గల్లీ ఉరికొచ్చింది. షెటరు ముందట కొమురవ్వ బిడ్డ భవ్యశ్రీ తాళంచెవి పట్టుకొని నిలవడ్డది. ఓంప్రకాశ్ తాళానికే వదిలేసిన చెవి అది.

"నువ్వే వేసినవా పిల్లా?" అన్నడు హనుమండ్లు.

"నేనే వేసిన. మా అవ్వ ఎంతసేపు ఉన్నదో గంతసేపు ఉండనీ అనుకున్న."

షెటరు లేపితే ఓంప్రకాశ్ గోడకు అతుక్కొని కూసున్నడు. రుమాలు ఇంకా నోట్లెనే ఉన్నది. ల్యాప్‌టాప్ మీద కొత్తగ రాసిన వరుస, రాసిన టైముతో సహా, తెరిచే ఉన్నది. భవ్యశ్రీ దాన్ని ఎవ్వరినీ ముట్టనియ్యలే.

తెల్లారి భవ్యశ్రీ ఆ ల్యాప్‌టాప్ ఆఫీసర్ల ముందట పెట్టినా, శ్యాంసుందర్‌ది ముందు అనుకున్న పాటనే. "డబ్బా మంచిగనే ఉన్నది సారు. రాత్రి ఇతను అరిచిండు, అది కొట్టింది. ఆమెనే మొత్తుకోలే."

"నేను అరవలే..." అన్నడు ఓంప్రకాశ్. డబ్బా దిక్కు వేలు చూపిండు.

సైరన్ కొట్టే ముందటి పది సెకండ్ల చప్పుడును డబ్బా దాచిపెడుతదట. ఆఫీసరు అది వినిపియ్యమన్నడు. కార్ఖానల ఇరవై మంది. డబ్బా చుట్టూ జరిగిర్రు.

మొదలు దగ్గు. ఆగి... మళ్ల దగ్గు. తర్వాత మైకుకు పెదవులు ఆనిచ్చినంత దగ్గర నుంచి, మెల్లగ, ఆడమనిషి గొంతు —

"నువ్వు నోరు మూసుకొనే ఉండు సారూ... నేను మొత్తుకుంట."