హార్న్‌బీమ్ ఆఖరి విందు

పోర్ట్స్‌మత్ రేవు బురదలో దొరికిన మనిషి బ్రిటిష్ నౌకాదళం వేగు. వీపులో కత్తిపోటు. ప్రాణం పోయేముందు తనను పైకి లాగిన పడవవాడితో అతను అన్నది రెండే మాటలు: "హార్న్‌బీమ్... విందులో."

"ఆ ఓడ నీకు తెలుసు కదా, పెన్రడ్?" అడ్మిరల్ కార్బిన్ కిటికీ మూస్తూ అడిగాడు.

తెలియకపోవడమేమిటి! కమాండర్ గైల్స్ పెన్రడ్ నూనూగు మీసాల వయసులో ఎక్కిన ఓడ అది. నల్లసముద్రంలో రష్యా కోటల మీద గుళ్ళు కురిపించింది. జాంజిబార్ దగ్గర బానిసల పడవలను తరిమింది. ఇనుప ఓడలు రాగానే ఆ చెక్క ఓడకు తెరచాపలు పీకేసి, రేవు మధ్యలో తుపాకి మందు గిడ్డంగిగా కట్టేశారు. సోమవారం ముక్కలు చేసేవాళ్ళకు అమ్మేస్తారు. చచ్చినా వెయ్యే అన్న మాట ఏనుగుకే గాని ఓడకు కాదు.

"మందు దించకుండా విందేమిటి సర్?"

"పాత ఆఫీసర్ల ముచ్చట. వద్దన్నందుకు నన్నే తిట్టారు. అది పేలిందంటే డాక్‌యార్డూ, ఒడ్డున కాపురాలూ అన్నీ పోతాయి. విందు ఆపితే దాన్ని పేల్చాలని చూస్తున్న ముఠా ఇంకో రోజు చూసుకుంటుంది. వెళ్ళి వాళ్ళ మనిషిని పట్టుకో."

"నాకు తోడెవరు?"

"మదాం ఓడిల్ వార్నే. ఆ ముఠాలో మన వేగు. కోడ్ 'తూర్పు గాలి'."

"ఆవిడ రెండు వైపులా జీతం తీసుకుంటుందటగా!"

"మనమే తక్కువిస్తున్నాం. జాగ్రత్త."

శనివారం మధ్యాహ్నం పెన్రడ్ పెట్టుడు గడ్డంతో, వైన్ పోసే నౌకరు వేషంలో హార్న్‌బీమ్ ఎక్కాడు. పాత మిత్రులెవరూ పోల్చుకోలేదు. ఎవరూ చూడకుండా చెక్కగోడను ఒకసారి నిమిరాడు.

బల్ల చుట్టూ తెల్లజుట్టు ఆఫీసర్లు. మధ్యలో ఆకుపచ్చ పట్టు గౌనులో ఓడిల్. ఆమె పక్కన లెఫ్టినెంట్ హాస్కెట్ అనే కొత్త ముఖం. మాట, యూనిఫాం, మర్యాద, ఎక్కడా వంక లేదు.

పెద్దాయన గ్లాసు ఎత్తాడు. "మహారాణికి!"

ఎవరూ కుర్చీల్లోంచి కదల్లేదు. సైన్యంలోనైతే లేచి నిలబడి తాగుతారు. నౌకాదళంలో కూర్చునే తాగుతారు. దూలాలు అంత కిందికి ఉంటాయి మరి. హాస్కెట్ ఒక్కడే భక్తిగా దిగ్గున లేచాడు. తల దూలానికి ఠపీమని తగిలింది.

అందరూ పకపకా నవ్వారు. పెన్రడ్ నవ్వలేదు. సీసా కింద పెట్టి, రివాల్వర్ అతని పక్కటెముకలకు ఆనించాడు.

"ఏ దేశం బాబూ మీది?"

"మీ రాణిగారికి మీకంటే ఎక్కువ మర్యాద చేశాను, అంతేగా!" అన్నాడు వాడు. కానీ చెమటలు కక్కుతూ నిచ్చెన వైపే చూస్తున్నాడు.

ఓడిల్ లేచి వచ్చింది. "తూర్పు గాలి, కమాండర్. గడియారం ఫ్యూజు. మందు పీపాల్లో దేంట్లోనో పెట్టాడు. దేంట్లోనో నాక్కూడా చెప్పలేదు."

"నిన్నెలా నమ్మమంటావ్?"

"నేనూ ఇక్కడే ఉన్నానుగా! పేలాక నా ముక్కలు ఏ దేశానివో తేల్చుకుందురు గాని!"

వందల పీపాలు. వెతికే వ్యవధి లేదు. అందర్నీ, హాస్కెట్‌తో సహా, పడవల్లోకి తరిమి పెన్రడ్ ఓడ అడుగుకు పరుగెత్తాడు. అక్కడ సముద్రాన్ని లోపలికి వదిలే వాల్వు ఉంది. చక్రం మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఎన్ని తుఫానుల్లో తనను మునగనివ్వని ఓడ! దీన్నా తను ముంచాలి?

"ఏడవడం పైకెళ్ళాక!" వెనకే వచ్చిన ఓడిల్ అరిచింది. తుప్పు పట్టిన చక్రం మీద తన చేతులు కూడా వేసింది. ఇద్దరూ తిప్పారు. నీళ్ళు ఉరికాయి.

వాళ్ళు పైకి చేరి, అందిన పడవలోకి దూకేసరికి ఓడ సగం దిగిపోయింది. కాసేపటికి డెక్కు కూడా మునిగింది. అప్పుడు నీటి కింద ఎక్కడో 'టప్' మంది. ఒక పెద్ద బుడగ తేలి పగిలింది. తడిసిన మందు అంటుకోలేదు. ఒడ్డున ఎవరో ఆడమనిషి బట్టలారేస్తూనే ఉంది.

పెన్రడ్ గడ్డం పీకేసి, దాచుకోకుండా ఏడ్చాడు.

సాయంత్రం అడ్మిరల్ అతని భుజం తట్టాడు. "బాధపడకు. మొత్తం సర్వీసులో దాన్ని ఏ శత్రువూ ముంచలేకపోయాడు."

"అవును సర్," అన్నాడు పెన్రడ్. "ముంచడానికి నేనే కావాల్సి వచ్చింది."