రాచబాట కింది చుట్టం

అన్యాయమైపోయినవాడు ఒక కాలవ పనివాడు. పదకొండేళ్ల కిందట, విదేశీ అతిథులొస్తున్నారని రాచబాటని పెళ్లికూతురులా ముస్తాబు చేసిన వానాకాలంలో, బేకరీ ముందున్న మ్యాన్‌హోల్ మూత తీసి లోపలికి దిగాడు. మళ్లీ పైకి రాలేదు. పని వదిలి పారిపోయాడని ఆఫీసువాళ్లు రాసేసుకున్నారు. భూమి కిందనుంచి ఎటు పారిపోతాడని ఒక్కడూ అడగలేదు. ఇంట్లో ఉన్న ఇల్లాలికి మాత్రం మొగుడు వదిలేసినదన్న పేరు మిగిలింది.

అప్పట్నుంచి ఆ బేకరీ మలుపుకి చెడ్డపేరు. పొద్దుపోయాక మూత కిందనుంచి చప్పుడు... ఇనుము మీద ఇనుము. టంగ్... టంగ్... టంగ్...

విన్నవాళ్లు చెప్పులు చేతబట్టుకుని పరుగు. తెల్లారాక వాళ్లకే వేళాకోళం— "రాత్రి కింది చుట్టం తలుపు కొట్టాడట, కాఫీ ఇచ్చి పంపకపోయారా!" చివరికి బేకరీ ఆయన ఉపాయం కనిపెట్టాడు. ఇద్దరు మనుషులు కూడా ఎత్తలేని సిమెంటు పూలతొట్టి తెప్పించి సరిగ్గా ఆ మూత మీద పెట్టించాడు. దెయ్యం లేవకుండా! తొట్టినిండా ఎర్రపూలు. పక్కన నిలబడి జనం ఫొటోలు కూడా దిగారు.

ఈ రాజధాని బుద్ధే అంత. కంపు కొట్టేదాన్ని కడగదు, కప్పుతుంది. రాజుల కాలంలో అక్కడ పారింది కాలవ. ధాన్యం పడవలు కోటగుమ్మం దాకా వచ్చేవి. రాజులు పోయారు, మంత్రులొచ్చారు. పడవలు పోయాయి, మురుగొచ్చింది. శుభ్రం చెయ్యడం చేతగాక రాతిపలకలు పరిచి, పైన ఊరేగింపుల బాట వేశారు. మెట్ట మీద మంత్రుల బంగళాలు, దాని దిగువన నాటకశాలల వీధి, ఆ దిగువన బ్యాంకులు, అట్టడుగున పాత రేవు. ఈ పేటలవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. వాళ్ల మురికి మాత్రం ఒకే కాలవలో కలిసిమెలిసి కాపురం చేస్తుంది.

కాలవలోకి దిగేవాళ్లకి ఒక పద్ధతి ఉండేది, పాడు పద్ధతి. రాచబాట మీద మూత తెరిచి ఉంచకూడదు. ఏ క్షణాన ఏ మంత్రిగారి కారొస్తుందో! అందుకని మనిషి దిగగానే మూత వేసేస్తారు. పైన ఒకడు కాపలా. కిందివాడు గునపంతో మూడు దెబ్బలు కొడితే తియ్యాలి. మధ్యలో కాపలావాణ్ణి కాంట్రాక్టరు ఇంకో పనికి పిలిచాడా... ఇక అంతే సంగతులు.

పదకొండేళ్ల తర్వాత ఒక రాత్రి అలా కింద చిక్కుకున్నవాడు వదినకి మరిది. నాటకశాలలో వేషాల బట్టలు కుట్టే మనిషి ఆవిడ; పేటలో చిన్నాపెద్దా అందరికీ వదినే. మొగుడు పోయినా ఈ మరిదిని చెయ్యి వదలకుండా పెంచింది. వాడు నాటకశాలల వీధిలో దిగి, దీపాలు పెట్టే వేళకి పాత రేవులో పైకి రావాలి. అన్నం చల్లారింది. వాడు రాలేదు.

రేవు మూత దగ్గర కాపలావాడు బీడీ కాల్చుకుంటున్నాడు.

"ఇంకా రాలేదొదినా. కాంట్రాక్టరుకి ఫోన్ చేశా. పొద్దున చూద్దాం అన్నాడు."

"పొద్దున చూడ్డానికి వాడేమన్నా సినిమానా? ఆ మాట నీ తమ్ముడికైతే అంటావట్రా?"

వదిన కొంగు బిగించి ఎదురు నడిచింది, రాచబాట వెంట, కాలవ వచ్చే దిక్కుకి. ప్రతి మూత దగ్గరా మోకాళ్ల మీద కూలబడి చెవి ఆనించింది. నీళ్ల గలగల. అంతే. బ్యాంకుల ముందు అద్దాల వెలుగు దారంతా పరుచుకుంది, మనిషి జాడ లేదు. ఇంకో మూత. గలగల... ఇంకోటి...

బేకరీ మలుపు.

టంగ్... టంగ్... టంగ్...

పూలు వణికాయి.

షట్టరు దించుతున్న బేకరీ ఆయన చేతులు గాల్లో ఆగిపోయాయి. చూరు కింద కూర్చున్న కానిస్టేబులు లేచి గుసగుసగా అన్నాడు—

"అమ్మా, అటు పోకు... అది వాడే..."

"ఎవడు?"

"కింది చుట్టం..."

"నా చుట్టమేనయ్యా! పట్టు ఆ తొట్టి!"

"వద్దమ్మా," బేకరీ ఆయన షట్టరు వదలకుండానే అన్నాడు. "పదకొండేళ్లుగా కొడుతూనే ఉంది. తీస్తే ఊరి మీద పడుతుంది..."

వదిన అతనివైపు తిరిగింది.

"పదకొండేళ్లు విన్నావా? విని, పూలమొక్క నాటావా? నీ మొహానికి దెయ్యమొకటి వేరే కావాలా? లోపల నా పిల్లాడికి ఊపిరాడ్డం లేదు. మీరిద్దరూ చెయ్యి వెయ్యకపోతే రేపు పొద్దున్నే ఇక్కడే నిలబడి మీ ఇద్దర్నీ పేరుపేరునా కడుగుతాను. దెయ్యం నయమనిపిస్తాను!"

దెయ్యానికి జంకినవాళ్లు వదినకి ఇంకా ఎక్కువ జంకారు. ముగ్గురూ కలిసి తోశారు. తొట్టి ఒరిగి, పగిలి, మట్టి రోడ్డు మీదికి జారింది. షట్టరు లాగే కొక్కెంతో మూత లేపారు.

కంపు... వెచ్చగా... మొహాన కొట్టింది.

నిచ్చెన పైమెట్టుకి చంకలు తగిలించుకుని, తల వాల్చేసి, మరిది.

పైకి లాగారు. మొహం మీద నీళ్లు కొట్టారు, చొక్కా చించి దాంతో విసిరారు. చాలాసేపటికి దగ్గాడు. వదిన వాడి చెంపలు తడుముతూ ఏడుపూ తిట్టూ కలిపేసింది.

"కొట్టీ కొట్టీ చేతులు పడిపోయుంటాయి కదరా వెధవా..."

మరిది కళ్లు తెరిచాడు.

"నేను... కొట్టలేదు వదినా."

"ఏంట్రా?"

"గునపం మొదట్లోనే నీళ్లలో పోయింది. విషగాలి సోకి కళ్లు తిరిగాయి... మునిగిపోతుంటే ఎవరో వెనకనుంచి చంకల కింద చేతులేసి ఎత్తారు. నిచ్చెనకి తగిలించారు." ఊపిరి పీల్చుకున్నాడు. "'గట్టిగా పట్టుకో తమ్ముడూ, నేను కొడతాలే... నాకలవాటే' అన్నాడు."



కానిస్టేబులు టార్చి లోపలికి వేశాడు. వెలుగు మెట్టు మెట్టుగా దిగింది. అడుగున, బురద గట్టిపడిన అరుగు మీద, తుప్పుపట్టిన గునపం నిలువుగా ఉంది. దాని చుట్టూ మూసుకున్న పిడికిలి... ఎముకలదే.

టార్చి జారి నీళ్లలో పడింది.

మర్నాడు వదిన ఆఫీసుకెళ్లింది. చనిపోయినవాడి ఇల్లాలు పక్కనే నిలబడింది, పదకొండేళ్లలో మొదటిసారి తలెత్తి. మరణం రాయమంటే గుమస్తా నసిగాడు— పారిపోయినట్టుందమ్మా, మార్చడానికి రూలు లేదమ్మా. సరేనని కాలవ పనివాళ్లంతా చేతులు కట్టుకు కూర్చున్నారు. మురుగు ఎగదన్నింది. నాటకశాలలు దాటి, మెట్టెక్కి, మంత్రుల భోజనాల గదుల్లోకి వెళ్లింది. రూలు అప్పుడు దొరికింది.

అయినా పాత తేదీ వెయ్యలేదు. వేస్తే ఆనాటి పెద్దలు జవాబు చెప్పుకోవాలిగా! ఎముకలు దొరికిన రోజే వేశారు.

వదిన ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"అంటే బాబూ, మీ రాతల ప్రకారం పదకొండేళ్లూ ఈయన బతికే ఉన్నాడు. బతికున్న మనిషి కిందనుంచి కొడుతూ ఉన్నాడు. మీరంతా పైన నడుస్తూ ఉన్నారు. అంతేనా?"

గుమస్తా కాగితం లాక్కుని ముద్ర గుద్దాడు.

మరణించిన తేదీ: 19 నవంబరు 2013.