పని చెయ్యని కనెక్షన్

డేటాబేస్ నిపుణుల సదస్సుకి బావమరిదిని తీసుకెళ్ళడమంటే, పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడమే. బావకి ఆ సంగతి తెలుసు. కానీ భార్య వింటేనా? "మా తమ్ముడు కాస్త నలుగురిలో పడతాడండీ" అంది. వాడు నలుగురిలో పడింది లేదు గానీ, ఉచితంగా పంచే సంచులు నాలుగు వాడి ఒళ్ళో పడ్డాయి.

వచ్చినవాళ్ళంతా ఆ తానులో ముక్కలే. మెడలో పలుపుతాళ్ళలా కార్డులు వేలాడేసుకుని, గుడ్డి గుర్రాలకి పళ్ళు తోమే ఉద్యోగాల గురించి ఒకరికొకరు గొప్పలు చెప్పుకుంటున్నారు. రోజూ బ్యాకప్ తీస్తారట. దాన్ని ఒక్కసారి తిరిగి ఎక్కించి చూసిన పాపాన పోలేదు.

వీళ్ళందరిలో తనొక్కడే మొనగాడని బావ నమ్మకం. ఆయన పద్ధతి ఒకటే. డేటాబేస్‌లో పని చెయ్యకుండా కూర్చున్న కనెక్షన్ కనిపిస్తే, ఎవరిదని అడగకుండా కోసెయ్యడం. కోస్తే, అవతలివాడు సేవ్ చెయ్యని పనంతా వెనక్కి పోతుంది. అసలు జరగనట్టే లెక్క. "సోమరిపోతులకి అదే శాస్తి" అనేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేలమాళిగ హాల్లో ప్రసంగం. కిటికీలు లేవు. లైట్లు తగ్గించారు. ఏసీ చలికి తివాచీలోంచి తడి వాసన వస్తోంది. వేదిక మీద మాట్లాడేవాడి మొహం చీకట్లో ఉంది. గొంతు మాత్రం చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తోంది. అందర్నీ ఫోన్లలోంచి తన డేటాబేస్‌లోకి రమ్మన్నాడు. తెర మీద మనిషికో లైను వెలిగింది, పక్కన కుర్చీ నంబరుతో సహా.

"ఎవరైనా వచ్చి దీన్ని శుభ్రం చేస్తారా?" అన్నాడు.

బావ లేచాడు. పక్కన బావమరిది నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తల్లి ససేమిరా అంటుంటే కాళ్ళావేళ్ళా పడి అక్కని బావకిచ్చి పెళ్ళి చేయించింది వాడే. "జన్మలో వీడు చేసిన పని అదొక్కటే" అని బావ చుట్టాలందరి ముందూ నవ్వేవాడు. ఆ పెళ్ళి వల్ల పుట్టిన ఐదేళ్ళ పాపంటే మాత్రం ఆయనకి పంచప్రాణాలు.

తెర మీద ఒకే ఒక్క లైను కదలకుండా ఉంది. అది బావమరిది కుర్చీ. వెధవకి నిద్రమత్తు వదులుతుందిలే అనుకుని, బావ వేదికెక్కి బటన్ నొక్కాడు.

చూస్తే, ఆ కుర్చీ ఖాళీ. సంచులు కూడా లేవు.

బావ గబగబా దిగొచ్చి వెనక వరుసలో ఆయన్ని అడిగాడు. "ఇక్కడ మా బావమరిది ఉండాలి, ఎటెళ్ళాడండీ?"

"ఇక్కడా? పొద్దున్నుంచీ ఖాళీయే కదండీ."

అప్పుడు చెవి దగ్గర చల్లగా ఊపిరి తగిలింది. "సేవ్ చేసుకోలేదు బావా..."

బావ తలెత్తి చూశాడు. తెర మీద ఆ లైను ఇంకా పోలేదు. మెల్లగా... వెనక్కి... జరుగుతోంది.

"పెద్ద పని కదా" అన్నాడు వేదిక మీదివాడు గుసగుసగా. "వెనక్కి పోవడానికి టైం పడుతుంది."

మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదని బావకి తెలుసు. ఇంటికి ఫోన్ చేశాడు.

"హలో, ఎవరండీ?" భార్య గొంతే.

"నేనే. మీ తమ్ముడు..."

"నాకు తమ్ముడు లేడండీ. మీకెవరు కావాలి?"

"పాపేదీ? పాపకి ఫోనివ్వు."

ఆవిడ గొంతు బాగా తగ్గించింది.

"నాకసలు పెళ్ళే కాలేదండీ... ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. కానీ లోపలి గదిలో ఎవరో ఉన్నారు. తలుపు తియ్యాలంటే భయంగా ఉంది. ఇందాక 'నాన్నా' అని పిలిచింది... ఇప్పుడేమో పురిటిబిడ్డలా ఏడుస్తోంది."