నిబ్బరం గాజు

మూడోసారీ చేతిగాజు మీద ఎర్రదీపమే వెలిగింది. "మీరు కంగారులో ఉన్నారు. చెల్లింపు కుదరదు," అంది ఫోను, మర్యాదగానే.

"కంగారేటి, నీ బొంద! సంతోషం ఇది!" అని వరహాలమ్మ ఫోను మీద విరుచుకుపడింది. దాంతో నాడి వేగం ఇంకాస్త పెరిగింది.

విశాఖ పూలబజారులో ముప్పయ్యేళ్ళుగా ఎండలో కూర్చుని పూలమ్మిన మనిషి. ఇవాళ పన్నెండింటిలోగా ఆన్‌లైన్‌లో డిపాజిట్ కడితే, నీడపట్టున ఒక కొట్టు ఆమెది. లేదంటే లిస్టులో తర్వాతివాళ్ళది. పొద్దున్నే కట్టెయ్యొచ్చుగా? ఉహూఁ, పదకొండూ నలభైకి ముహూర్తం పెట్టించుకుంది! బజారంతా చుట్టూ మూగింది. కొబ్బరికాయ కూడా కొట్టేశారు.

ఆ గాజు పేరు నిబ్బరం. కనిపెట్టింది డాక్టర్ హైమవతి. ఈ రోజుల్లో దొంగలకి పాస్‌వర్డులతో పనిలేదు. మనల్ని భయపెట్టి, మన చేతే డబ్బు పంపించుకుంటారు. అందుకే గాజులోని సెన్సార్ నాడి చూస్తుంది. గుండె దడదడలాడుతుంటే అకౌంట్‌లోంచి పైసా కదలనివ్వదు. కిందటి నెల ఎవడో పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి హడలగొడితే, వరహాలమ్మ డబ్బు కాపాడింది ఈ గాజే. దాన్ని తిట్టిపోయడం అన్యాయం.

గాజు పనితీరు చూడ్డానికి వచ్చిన హైమవతి ముఖం పాలిపోయింది.

"అమ్మా, భయమేసినా, ఆనందమొచ్చినా నాడి ఒకేలా పరిగెడుతుంది. దీనికి తేడా తెలీదు."

"అయితే తీసెయ్యి తల్లీ!"

"తీస్తే రేపటిదాకా అకౌంట్ తెరుచుకోదు. దొంగలు బలవంతంగా తీయించకూడదని నేనే అలా పెట్టాను. మీకు ఏ పని చేస్తే మనసు కుదుటపడుతుంది?"

అప్పటికే పదకొండూ యాభై ఒకటి. వరహాలమ్మ బుట్ట దగ్గరికి లాక్కుని మల్లెలు కట్టడం మొదలెట్టింది. రెండు మొగ్గలిటు, రెండటు, ముడి. మూర పూర్తయ్యేసరికి కొట్టు సంగతే మర్చిపోయినట్టుంది. హైమవతి మెల్లిగా ఫోను ముందుకి జరిపింది. వరహాలమ్మ దారం వదలకుండానే వేలు ఆనించింది.

పచ్చదీపం! పన్నెండుకి ఇంకా రెండు నిమిషాలుంది.

బజారంతా ఈలలు. హైమవతికి కళ్ళనీళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళ కష్టం ఫలించిందని పట్టలేని సంతోషం. "ఇవాళ అందరికీ టీలు నావి!" అని ప్రకటించి, టీ బండి దగ్గర తన ఫోను తీసింది. ఆవిడ చేతికీ అదే గాజు.

ఎర్రదీపం. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎరుపే.

వరహాలమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. డాక్టరుగారి చేతిలో దారం పెట్టింది.

"కూకో తల్లీ. ముందు ఒక మూర కట్టు. టీ డబ్బులు తరవాత ఇద్దువుగాని."